పదకొండు గళ్ళు

ఆ శనివారం చేప పోయింది.

బులెన్ మెర్రి సరస్సులో అంత పెద్ద సాల్మన్ గాలానికి తగలడం ఎలియాజర్‌కు అదే మొదటిసారి. రాడ్ విల్లులా వంగింది. పక్కనున్న నోవా నవ్వుతూ చేతి వల అందుకుని, బోటు అంచు మీదికి వంగాడు.

"ఐ గాట్ హిమ్, అన్నా. డోంట్ మూవ్."

నోవా ఇక్కడే, ఆస్ట్రేలియాలోనే పుట్టాడు. తెలుగులో వాడికి బాగా వచ్చిన మాట 'అన్నా' ఒక్కటేనని వాళ్ళమ్మ సువర్ణకుమారి ఎగతాళి. క్రాన్‌బర్న్‌లో వాళ్ళింట్లోనే ఒక గది తీసుకుని ఎలియాజర్ మాస్టర్స్ చదువుతున్నాడు. చదివే యూనివర్సిటీ ఒకటే, చేపల పిచ్చీ ఒకటే.

బోటు ఒక్కసారిగా ఒరిగింది. చేప పోయింది. వల పోయింది. ఎలియాజర్ చేతిలోని రాడ్ కూడా నీళ్ళపాలైంది.

ఆ తర్వాత నోవా మళ్ళీ బోటెక్కలేదు. ఎలియాజర్ మాత్రం ఒక్క శనివారం కూడా మానలేదు.

మూడు గంటల ప్రయాణం. కారు నోవాది, దాని వెనక బోటు కూడా నోవాదే. సువర్ణకుమారి ఫ్లాస్కులో టీ పోసి, తాళాలు తెచ్చి చేతికిచ్చేది. చలి ముదిరింది. చదువు వెనకబడింది. ఒక సబ్జెక్టు ఇదివరకే తప్పాడు. మళ్ళీ తప్పితే కోర్సూ ఉండదు, వీసా కూడా ఉండదు. ఆ పరీక్ష ఎనిమిదో శనివారం ఉదయం తొమ్మిదింటికి.

ఏడో శనివారం బోటు నీళ్ళలోకి దింపి, చేరానని సువర్ణకుమారి ఆంటీకి ఫోన్ చేస్తుంటే, వెనకనుంచి ఎవరో తెలుగులో పలకరించారు. పేరు శ్రీపతి. సరస్సు పక్కనున్న ఊరి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు డాక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. మార్చిలో విశాఖపట్నం వెళ్ళి, ముందురోజే తిరిగొచ్చారట. తన బోటు ఇంజను మొరాయించిందని, తననూ ఎక్కించుకోమని అడిగారు. లైఫ్ జాకెట్ వేసుకుంటేనే అన్నాడు ఎలియాజర్. ఆయన వేసుకున్నాక, పట్టీలు తనే ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు.

నీటి అడుగున ఏముందో చూపించే చిన్న తెర ఒకటి బోటులో ఉంది. పన్నెండు మీటర్ల లోతులో చేపల గుంపు కనబడగానే శ్రీపతి గారు బోటు ఆపమన్నారు. ఎలియాజర్ ఆపలేదు. అతను చూస్తున్నది తెర కింది అంచును, అరవై మీటర్ల దిగువన ఉన్న నేలను. ఒళ్ళో సరస్సు పటం. దాని నిండా గళ్ళు. ఒక గడి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి, పెన్సిలుతో కొట్టేసి, పక్క గడిలోకి బోటు తిప్పుతున్నాడు.

"ఏమయ్యా, చేపలు నీకోసం ఒకే గడిలో కూర్చుంటాయా? నువ్వు కొట్టేసిన గడిలోకే రేపు వస్తాయి" అన్నారాయన.

ఎలియాజర్ ఇంకో గడి కొట్టేశాడు. పెద్ద చేపేదో తప్పిపోయిన కసి అయ్యుంటుందని ఆయనే తేల్చుకున్నారు. పరీక్ష సంగతి రాబట్టి మందలించారు. తర్వాత చేపల కబుర్లలో పడ్డారు. సాల్మన్ సముద్రంలో పెరగాల్సిన చేప. పిల్లలుగా తెచ్చి ఇక్కడ వదులుతారు. ఈ కాలానికి ఒళ్ళు నల్లబడి, గుడ్లు పెట్టడానికి ఏటిని వెతుక్కుంటూ ఒడ్డు చుట్టూ తిరుగుతుంది. ఈ సరస్సుకు ఏరు లేదు.

"బయటికి దారి లేదని వాటికెవరు చెబుతారు?"

ఎలియాజర్ తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

మధ్యాహ్నం ఆయన గాలానికి చేప తగిలింది. పెద్దదే. చేతి వల అందుకోమన్నారు. బోటులో వల లేదు. గత్యంతరం లేక ఆయనే దారం చేతికి చుట్టుకుని అంచు మీదికి వంగారు.

ఎలియాజర్ ఇంజను వదిలేసి ఒక్క అంగలో వచ్చాడు. ఆయన జాకెట్‌ను రెండు చేతులా పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ బోటులో వెల్లకిలా పడ్డారు. దారం తెగింది.

"చేపని పట్టుకోమంటే నన్ను పట్టుకుంటావేంటయ్యా?" అన్నారాయన రొప్పుతూ.

ఎలియాజర్ పట్టు వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి సువర్ణకుమారి గేటు దగ్గర నిలబడి ఉంది. అతని ముఖం చూసింది. పప్పూ, వంకాయ కూరా వడ్డించింది. ఆ ఇంట్లో చేపల పులుసు వండి ఏడు వారాలైంది.

"ఇక చాలు నాయనా" అంది, అతను తింటుంటే. "పరీక్ష రాసుకో. మీ అమ్మ నిన్ను పంపింది చదువుకోమని. ఆవిడకి నేనేం సమాధానం చెప్పేది?"

"ఇంకా పదకొండు గళ్ళే ఆంటీ."

శుక్రవారం ఆవిడ కారు తాళాలు దాచేసింది. శనివారం తెల్లవారాక కిటికీలోంచి చూస్తే, పరీక్షకు వెళ్ళాల్సినవాడు బోటు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. చాలాసేపు అలాగే చూసింది. తర్వాత తాళాలు తెచ్చి, అతని ముఖం చూడకుండా ఇచ్చింది.

తొమ్మిదింటికి పరీక్ష హాల్లో అతని కుర్చీ ఖాళీగా ఉంది. సాయంత్రానికి సరస్సులో తొమ్మిది గళ్ళు మిగిలాయి.

గజ ఈతగాళ్ళకూ దొరక్క, ఆ నీళ్ళ అడుగునే ఉండిపోయిన నోవాకు భూస్థాపన ఇంకా జరగలేదు.