గోడ రంగు తలుపు

"ఎర్రగా వెయ్యమన్న తలుపుకి ఈ రంగేమిటయ్యా?"

దర్శకుడి కేకకి సెట్‌లో సుత్తుల చప్పుడు ఆగిపోయింది.

ముసలి పెయింటర్ నిచ్చెన దిగాడు. రోజూ వచ్చేవాడికి జ్వరమని ఆ ఒక్కరోజుకి పిలిచిన మనిషి. నాలుగు గోడలకీ వేసిన పాలిపోయిన ఆకుపచ్చనే తలుపుకీ పూసి పెట్టాడు.

"ఎర్రగా ఉంటే తలుపు కనిపిస్తుంది బాబూ. కనిపిస్తే లోపలి మనిషికి ఆశ ఉంటుంది."

"ఎరుపంటే ప్రమాదం, నలుపంటే చావు! నాకే సినిమా చెప్తావా? తాతకు దగ్గులు నేర్పుతున్నావా?"

ఇద్దరిలో తాత ఎవరో కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. నవ్వే ధైర్యమే ఎవరికీ లేదు.

దర్శకుడి భయం దర్శకుడిది. ఆస్తి కోసం సొంత బాబాయే పిచ్చిదని ముద్రవేసి, ఆరేళ్లు ఒక గదిలో బంధించిన ఆవిడ నిజం కథ అది. సెట్‌లో వేసిన గది చూసి ఆవిడ ఔనంటేనే సినిమా. నల్లగోడలు చూసి "ఇది కాదు" అంది. ఎర్రదీపాలు పెట్టినా అదే మాట. మరి ఎలా ఉండేదమ్మా అంటే నోరు విప్పదు. మూడోసారీ కాదంటే సినిమా అటకెక్కినట్టే.

ఇంతలో ఆవిడ కారు రానేవచ్చింది.

"ముందు నువ్వు బయటికి నడు!"

"ఆవిడ చూసేదాకా రంగు మార్చకండి బాబూ" అని ముసలాయన బ్రష్షులు కూడా కడుక్కోకుండా వెళ్లిపోయాడు.

ఆవిడ గదిలోకి వెళ్లింది. వెనకాలే తలుపు మూశారు.

ఒక నిమిషం గడిచింది. లోపల అరచేతులతో గోడలు తడుముతున్న చప్పుడు. ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ ఈ మూలకి. ఆ చప్పుడు వినలేక దర్శకుడే తలుపు తీశాడు.

ఆవిడ ఒళ్లంతా చెమట.

"ఇదే" అంది.

దర్శకుడికి ప్రాణం లేచొచ్చింది.

"తలుపు సంగతి మీకెవరు చెప్పారు బాబూ?"

"ఏ సంగతమ్మా?"

"రోజూ తలుపు బాదేదాన్ని. కనిపిస్తేనే కదా బాదేది అని మా బాబాయి దానికీ గోడ రంగే వేయించాడు. ఎటుందో తెలియక బాదడం మానేశాను. ఈ మాట నోటితో చెప్పడం నా వల్ల కాలేదు."

"మాకెవరూ చెప్పలేదమ్మా. పెయింటర్ సొంత తెలివి."

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

"తెలిసింది ఇద్దరికే. బాబాయి పోయాడు. రెండో మనిషి రంగు వేసినాయన. ఎక్కడ ఆయన?"

అసిస్టెంటు గేటుదాకా పరుగెత్తి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఊరూ పేరూ ఎవరూ రాసుకోలేదు.

"పోతే పోనీండమ్మా! ఆ పాపంలో వాడికీ వాటా ఉందిగా!" అన్నాడు దర్శకుడు.

"ఉంది. ఏటా వచ్చి రంగు వేసేవాడు, నా మొహం చూసేవాడు కాదు" అంది ఆవిడ ఏడుస్తూ. "ఆరో ఏడు కూడా అలాగే వేశాడు. వెళ్తూ వెళ్తూ, బయట గడియ పెట్టలేదు."