నల్ల ముక్కోణం

ఒక్క దెబ్బకే లైట్ల బోర్డు భళ్లున పగిలింది.

సూపర్ మార్కెట్లో జనం కెవ్వుమన్నారు.

బోర్డు మీద ఉన్నది ఆ రోజే అమ్మకానికి వచ్చిన టాయిలెట్ యాసిడ్ సీసా బొమ్మ. పాత సీసాకు తెల్ల లేబుల్, దాని మీద నల్ల ముక్కోణం, అంతే. అలాంటిది ఎవరికైనా కొనబుద్ధేస్తుందా? అందుకే కంపెనీ డిజైనర్ ముక్కోణం ఎత్తేసి గుండ్రటి బుడగలు పెట్టాడు. అడుగున నారింజ రంగు, పైకి పోయేకొద్దీ పలచబడి నిమ్మ పసుపు. దాన్నే గ్రేడియెంట్ అంటారట. చూడగానే చెయ్యి చాచాలన్నది అతని లెక్క.

ఆ ముచ్చట చూపిద్దామని భార్యనూ, నాలుగేళ్ల కూతుర్నీ వెంటబెట్టుకొచ్చాడు కూడా.

"ఎవడ్రా నువ్వు?" అంటూ డిజైనర్ ఉరికాడు.

ఇనుప రాడ్డు పట్టుకుని ఓ ముసలాయన రొప్పుతున్నాడు.

"ముక్కోణం ఎందుకు తీసేశావు బాబూ? చెబుదామని రోజూ మీ ఆఫీసు గేటు దగ్గర..."

"ఓహో, గేటు దగ్గర గోల చేసే పిచ్చోడివి నువ్వేనా!"

ముసలాయన మళ్లీ రాడ్డెత్తాడు. డిజైనర్ అది లాక్కుని మోకాలి మీద ఒక్కటిచ్చాడు. ఎముక విరిగిన చప్పుడు బిల్లు కౌంటర్ దాకా వినబడింది.

"వదలకండి సార్!" సెక్యూరిటీ గార్డు కూడా చొక్కా పట్టుకుని ముఖం మీద నాలుగు గుద్దాడు.

ఇక జనం సంగతి చెప్పేదేముంది? ఫోన్లు తీశారు. ఒక్కడంటే ఒక్కడు ఆపితే ఒట్టు.

ముసలాయన నెత్తురు కక్కుతూ పాకుతున్నాడు. పాకుతున్నవాడల్లా ఉన్నట్టుండి ఆగాడు. ర్యాకు పక్కన చతికిలబడి ఆడుకుంటున్న పాప అతని కంటబడింది.

విరిగిన కాలితోనే పాప మీదికి దూకాడు. ఆ చిన్న చేతి మీద బలంగా చరిచాడు. పాప బోర్లా పడింది, పెదవి చిట్లింది.

"నా బిడ్డనే కొడతావురా!"

డిజైనర్‌కు ఇక ఒళ్లు తెలియలేదు. రాడ్డు తల మీద దిగింది. మళ్లీ దిగింది. ముసలాయన చేతులు అడ్డం పెట్టడం మానేసినా దిగుతూనే ఉంది.

"ఏవండీ, ఆపండి! ఇటు చూడండి!"

భార్య పాప గౌను ఊడబీకి పారేసింది. గౌను అంచు నిండా చిల్లులు, చిల్లుల్లోంచి పొగ. పక్కనే మూత లేని సీసా ఒకటి దొర్లుతోంది. అది ఒలికిన చోటల్లా నేల బుసబుసా పొంగుతోంది.

"జ్యూస్ నాన్నా," పాప వెక్కుతూ అంది. "తాగబోతుంటే తాతయ్య కొట్టాడు."

డిజైనర్ చేతిలోంచి రాడ్డు జారిపోయింది.

బయట సరుకు దింపుతున్న కంపెనీ పాత డ్రైవరు పరుగున వచ్చాడు. నెత్తుటి ముఖం తుడిచి చూసి, అక్కడే కూలబడ్డాడు.

"అంబులెన్స్! ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి!" డిజైనర్ అరిచాడు.

"ఇంకెందుకు సార్? ఊపిరి ఎప్పుడో పోయింది," అన్నాడు డ్రైవరు.

"ఎవరయ్యా ఈయన?"

"మన కంపెనీ మొట్టమొదటి డిజైనర్ సార్. ఆ రోజుల్లో ఈయన కూడా సీసాకు కమ్మటి దానిమ్మ రంగే వేశాడు. అది చూసి రసమనుకుని తాగినవాడు ఈయన కన్నకొడుకే. వాణ్ణి పూడ్చిపెట్టి, కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి గీశాడు సార్ ఆ నల్ల ముక్కోణం."