మా మీదే వేయండి

“మూడో అధ్యాయంలో ఆ వాక్యం అబద్ధమండీ,” అన్నాడు మోర్టార్ తాత, కుర్చీలో కూర్చోకముందే.

బెటాలియన్ చరిత్రను మళ్ళీ రాసే పని రిటైరైన టీచరుకు అప్పగించారని ఆయన పొద్దున్నే విన్నాడు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చేశాడు. బల్ల నిండా అచ్చు కాగితాలు. చేతిలో ఎర్ర పెన్సిలుతో ఆవిడ తలెత్తి చూసింది.

“ఏ వాక్యం?”

“మా మీదే వేయండి.”

బెటాలియన్‌లో ఆ మాట తెలియనివాళ్ళు లేరు. కొండ మీద కందకాన్ని శత్రువు చుట్టుముట్టాడు. లొంగిపోవడం ఇష్టంలేక, వైర్‌లెస్ జవాను తన కందకం ఉన్న చోటి మ్యాపు అంకెలే కిందికి చెప్పి, గుండ్లు తన మీదే వేయించుకున్నాడు. అతనూ పోయాడు, పక్కనున్న మరో జవానూ పోయాడు. బ్యారక్‌ల గేటుకు ఆ వైర్‌లెస్ జవాను పేరే పెట్టారు. కొండ కింద మోర్టార్ అనే పొట్టి ఫిరంగి దగ్గర నిలబడి ఆ గుండ్లు వేసింది తాతే.

“అతను ఆ మాట అననే లేదు. చుట్టుముట్టడమూ లేదు, పాడూ లేదు. శత్రువు ఎదురు గట్టు మీదున్నాడు.”

వైర్‌లెస్ జవాను ఎదురు గట్టు అంకెలు చెప్పబోయి, పొరపాటున తమ చోటి అంకెలు చెప్పాడు. తాత వాటిని తిరిగి చదివి వినిపించాడు. అతను సరేనన్నాడు. తాత మ్యాపు ఒకసారి చూసుకుని ఉంటే తెలిసిపోయేది. చూసుకోలేదు. ఇన్నేళ్ళూ ఆ సంగతి కడుపులోనే పెట్టుకున్నాడు.

“మీకు ఒక చెవి వినపడదటగా,” అంది టీచరు.

“అప్పటికి రెండూ శుభ్రంగా పనిచేసేవి. చావడానికి సిద్ధపడ్డవాడు నవ్వుతూ, ‘టీ పెట్టి ఉంచండి, దిగొచ్చేస్తున్నాం’ అంటాడా?”

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. ఆ జవాను భార్య అప్పుడప్పుడూ తన దగ్గరికి వస్తుందనీ, పిల్లలు తండ్రి పేరున్న గేటును చూసుకుంటూ పెరిగారనీ, ఈ వాక్యం తీసేస్తే వాళ్ళకింకేమీ మిగలదనీ మెల్లగా చెప్పింది.

తాతకు ఒళ్ళు మండింది. “చరిత్ర రాయమంటే మీరు పూలదండలు కడుతున్నారు.”

ఆవిడ, “అతనొక్కడే నవ్వాడా?” అని అడిగింది.

“పక్కవాడు కూడా.”

“ఎలా నవ్వాడు?”

అదేం ప్రశ్నో తాతకు అంతుపట్టలేదు. “గట్టిగానే. నవ్వితే ఎక్కిళ్ళొచ్చే రకం అనుకుంటా. మాటల మధ్యలో ఎక్కిళ్ళు కూడా వినపడ్డాయి.”

టీచరు బల్ల మీది అచ్చు కాగితాలన్నీ ఒక దొంతరగా పేర్చింది.

“వాక్యం అలాగే ఉండనివ్వండి,” అంది చివరికి.

తాత లేచి నిలబడ్డాడు. “గేటు మీద పేరున్నవాడి పెళ్ళాంబిడ్డల సంగతి మీరు చూసుకున్నారు, బాగుంది. మరి ఆ రెండోవాడి మాటేమిటి? పక్క కంపెనీ కుర్రాడు, నాకు పేరైనా తెలీదు. మీ పుస్తకంలోనూ ‘మరో జవాను’ అనే ఉంది. వాడికీ ఒక తల్లి ఉంటుంది కదండీ. కొడుకు నా గుండుకి, ఒక పొరపాటుకి పోయాడని ఆవిడకి తెలియొద్దా? ఎక్కడుంటుందో చెప్పండి, నేనే వెళ్ళి చెప్తాను. ఆవిడ ఉండనివ్వమంటే ఇంక ఈ ఊసెత్తను.”

“వెళ్ళక్కర్లేదండీ,” అంది టీచరు, “ఆ తల్లికి మీరు ఇందాకే చెప్పేశారు.”