శవం నడిచిన దారి

1974 మార్చి ఆఖరి శనివారం, వెస్ట్‌మోర్లాండ్ కౌంటీలోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురు: గిల్బర్ట్ బాబాయి, ఆగ్నెస్ పిన్ని, మేడమీద మంచంలో నానమ్మ, పదిహేనేళ్ళ హెస్టర్. పొయ్యి పక్కన రెండు కుక్కలు. ఎవరో తలుపు కొడితే ముందు లేచింది కుక్కలే.

గుమ్మంలో పక్క పొలం ఆసామి అమోస్ బర్కెట్ నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతని వెనక, గేటు అవతల, నల్లకోట్లు వేసుకున్న మనుషులు మంచువానలో శవపేటికను భుజాల మీద మోస్తూ ఆగారు.

“గేటు తియ్యి గిల్బర్ట్. నాన్నని చర్చికి తీసుకుపోవాలి.”

“తియ్యను.”

వాగు మీది వంతెన గురువారం వరదకి కొట్టుకుపోయింది. ఇప్పుడు చర్చికి పోవాలంటే బర్కెట్లు గిల్బర్ట్ పెరడు దాటాలి. కారు రోడ్డు ఎక్కాలంటే గిల్బర్ట్ వాళ్ళు బర్కెట్ల పెరడు దాటాలి. ఇంకో దారి ఉందిగానీ అది కొండ మీద, గొర్రెలు పోయే దారి.

“శవం నడిచిన దారి ఊరి దారైపోతుంది” అన్నాడు గిల్బర్ట్. “ఇవాళ నిన్ను పోనిచ్చానంటే నా మనవలు కూడా ఈ పెరటికి గేటు పెట్టుకోలేరు. వెస్ట్‌మోర్లాండ్‌లో పుట్టి ఆ సంగతి తెలీదంటావేంట్రా?”

“అది చట్టంలో ఎక్కడా లేదు. ఏ వకీలునైనా అడుగు.”

“మా తాత చెప్పాడు. నాకది చాలు.”

“ఎల్లుండికి వెస్ట్‌మోర్లాండే ఉండదురా!” అమోస్ గొంతు పెరిగింది. “సర్కారు మన కౌంటీని పక్క జిల్లాలతో కలిపేస్తోంది, సోమవారం పొద్దున లేచేసరికి మనం కంబ్రియా వాళ్ళం. ఈ కౌంటీ పేరు ఉండగానే నన్ను మట్టిలో పెట్టమని నాన్న నా చెయ్యి పట్టుకుని అడిగాడు. రేపు ఆదివారం, పాస్టరుగారు భూస్థాపన చెయ్యరు. ఇవాళే పోవాలి.”

“కౌంటీ పోతే పోనీ. కౌంటీ కట్టుబాటు పోదు.”

“నిన్నట్నుంచీ నీ పాలక్యాన్లు మా పెరట్లోంచే పోతున్నాయి కదా. నేనేమన్నా గేటు వేశానా?”

“పాలు వేరు, పీనుగ వేరు.”

మేడమీద నానమ్మ చేతికర్రతో నేలను టకటకా కొట్టింది. హెస్టర్ పైకి పరుగెత్తింది.

“అది అమోస్ వాళ్ళ నాన్న, ఎడ్విన్ పెట్టేనా?” కిటికీ వైపే చూస్తూ అడిగింది నానమ్మ. హెస్టర్ తలూపింది. “వెళ్ళి మీ బాబాయితో చెప్పు. పోనిమ్మని నేను చెప్పానను. నా మాట వాడు కాదనడు.”

హెస్టర్ మెట్లు దిగింది. పరాయివాళ్ళ ఎదుట ఆమెకు నోరు పెగలదు. బళ్ళో పేరు పిలిస్తే పలకడానికి కూడా అరిచేతులు చెమర్చేవి. గుమ్మంలో అమోస్, అతని వెనక అన్ని కళ్ళు.

“బాబాయ్...” అంది. ఆ మాట తనకే వినపడలేదు.

“ఏమిటే?” అంది పిన్ని.

“ఏం లేదు.”

అమోస్ టోపీ పెట్టుకున్నాడు. “సరే గిల్బర్ట్. గుర్తుంచుకుంటాను” అన్నాడు. అరవలేదు, తిట్టలేదు.

పెట్టె కొండ వైపు తిరిగింది. మోసేవాళ్ళ కాళ్ళు బురదలో జారుతున్నాయి. కాసేపటికి మంచువాన వాళ్ళని మింగేసింది. గిల్బర్ట్ గడియ వేసి, “టీ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టు” అన్నాడు.

“చెప్పావా హెస్టర్?” మేడమీంచి నానమ్మ అడిగింది.

హెస్టర్ కింది మెట్టు మీద నిలబడిపోయింది.

“వెనక్కి తిప్పేశాడూ? ఉండు, నేనే వస్తున్నా.”

మంచం కిర్రుమంది. కర్ర చప్పుడు మేడ అంచు దాకా వచ్చింది. మెట్ల మీంచి ముందు కర్ర దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనకాలే నానమ్మ.

ఫోను చేస్తే అంబులెన్సు కారు రోడ్డు దాకే వస్తుందన్నారు. గంటలోపు ఆసుపత్రికి చేరిస్తే బతకొచ్చన్నారు. గిల్బర్ట్ ట్రాక్టరుకి ట్రెయిలర్ తగిలించి, పరుపు వేసి, తల్లిని పడుకోబెట్టాడు. పిన్ని ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

బర్కెట్ల గేటుకి ఇప్పుడు గొలుసు, తాళం ఉన్నాయి. పెరటికి అటువైపు, రోడ్డు మీద, అంబులెన్సు నీలంరంగు దీపం తిరుగుతోంది. కేక వేస్తే వినపడేంత దూరం.

“నువ్వెళ్ళి అడగవే” అన్నాడు గిల్బర్ట్, స్టీరింగు మీంచి చూపు ఎత్తకుండా. “నా మొహం చూస్తే తియ్యడు.”

హెస్టర్ నిలువెత్తు రాతిగోడ ఎక్కి దూకి బర్కెట్ల తలుపు బాదింది. అమోస్ తీశాడు. మోకాళ్ళ దాకా బురద. అతని వెనక, భోజనాల బల్ల మీద, పెట్టె. దాని ఒక మూల చిట్లి ఉంది. కొండ ఎక్కలేకపోయారు.

ఈసారి హెస్టర్ గొంతు పెగిలింది.

“గేటు తియ్యండి మామయ్యా! నానమ్మ మెట్ల మీంచి పడిపోయింది. అంబులెన్సు అదిగో, అక్కడే ఉంది! మీకు దారిమ్మని నానమ్మ చెప్పింది మామయ్యా, నేనే, నేనే బాబాయికి చెప్పలేకపోయాను...”

అమోస్ ఆమె తల మీదుగా ట్రెయిలర్ వైపు చూశాడు. పరుపు, దుప్పటి, పాలిపోయిన ముఖం.

“కట్టుబాటు పోదన్నాడుగా మీ బాబాయి” అన్నాడు. “నా పెరడు దాటేలోపు ప్రాణం పోతే?”

“పోదు! బతికే ఉంది మామయ్యా! చూడండి, ఊపిరి ఆడుతోంది!”

“ఇప్పటికి” అని అమోస్ తలుపు మూసేశాడు.