ధర్మేందర్ ఎత్తు బెల్లం

"నన్ను కాంటా ఎక్కిస్తవా? నేనేమన్న ఉల్లిగడ్డ బస్తానా?"

దిల్‌సుఖ్‌నగర్‌లో బాలరాజ్ బెల్లం దుకాణం ముందు ధర్మేందర్ గొంతు చించుకున్నాడు. పక్కన భార్య ప్రసన్న భక్తిగా నిలబడి ఉంది.

ఆమె మొక్కు ఫలించింది. ధర్మేందర్‌కు ప్రమోషన్ వచ్చింది. సోమవారం ఆసిఫాబాద్‌లో చేరాలి. పిల్లల చదువుల కోసం ఆమె ఎల్బీ నగర్‌లోనే ఉండిపోతుంది. ఆలోగా మేడారం తల్లులకు ఆయన ఎత్తు బెల్లం సమర్పించాలి. ఒక్క గ్రాము తగ్గినా పోస్టింగ్ ఆర్డర్ రద్దయిపోతుందేమోనని ఆమెకు వణుకు.

పెళ్లాం భక్తి ధర్మేందర్‌కు ముచ్చటగానే ఉంది. కాంటాతోనే పేచీ. అది నలుగురిలో నిజం చెబుతుంది.

"మా తాత మూడు మణుగుల మనిషి. నేను గూడ గంతే. మూడు మణుగులు కట్టు."

"ఏ ఊరి మణుగు సార్? అప్పట్ల ఊరికో తీరుండె," అన్నాడు బాలరాజ్.

"ఏది తక్కువుంటే అది."

పూర్వీకుల విజ్ఞానం మీద ఆయనకున్న గౌరవం అలాంటిది.

"తల్లుల కాడ బేరమా?" ప్రసన్న కసిరింది. "కిలో అంటే ఈడ కిలోనే, ఆసిఫాబాద్‌ల కిలోనే. మీ మొహం చూసి తగ్గది. ఎక్కుండ్రి."

ఎక్కాడు. ఊపిరి బిగబట్టాడు. పొట్ట లోపలికి లాక్కున్నాడు. కాంటాకు మొహమాటం లేదు. తొంభై ఆరు కిలోలని ఎర్రటి అంకెల్లో చాటింది. చింతపండు కొంటున్న ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జేబుల ఫోనుంది, తాళాలున్నయ్. ఒక కిలో తీసెయ్," అన్నాడు ధర్మేందర్.

"పగటి బువ్వ ఇంక తినలే ఈయన. రెండు కిలోలు కలుపన్నా," అంది ప్రసన్న.

బెల్లం ముద్దలు తూకానికి ఎక్కాయి. లెక్క సరిపోయాక కూడా ఆమె ఇంకో ముద్ద తన చేత్తో పెట్టి, కళ్లకద్దుకుంది.

ధర్మేందర్ గుండె నిండిపోయింది. పొద్దున్నే చారులో ఉప్పు తక్కువైందని వీధి వీధంతా వినేలా తిట్టాడు. నిన్న ఇస్త్రీ గురించి. మొన్న దేనికో గుర్తు లేదు. అయినా తన ఎదుగుదల కోసం ఈ పిచ్చిది ఇంత తపిస్తోంది!

గర్వంగా మీసం దువ్వుకుంటూ ఆటోను పిలవబోయాడు.

వెనక బాలరాజ్ గొంతు వినిపించింది. "సార్ ప్రమోషన్ కోసం ఎప్పుడు మొక్కినవక్కా?"

"ప్రమోషన్‌కు నేనెందుకు మొక్కుతన్నా," అంది ప్రసన్న, "ఈయనను ఏడికన్న దూరం పంపియ్యమని మొక్కిన."