వెంకట్రాములు సారు పాఠం

"సార్, ఐలయ్యకు మూడేండ్లే అని చూపిస్తున్నది!"

సుమన మాటకు వెంకట్రాములు నవ్వుకుంటూ ఆమె కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. దవాఖానకు వచ్చినవాళ్ల పేర్లు, వయసులు, ఊళ్లు చూపించే చిన్న ప్రోగ్రాం అది. అక్షర క్రమంలో పెట్టమంటే పేర్లు మాత్రమే జరిగాయి. వయసులు, ఊళ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. డెబ్బై ఏళ్ల ఐలయ్య పేరు పక్కన ఎవరో పసిపిల్ల వయసు వచ్చి కూర్చుంది.

"మూడిటిని మూడు దిక్కుల పెట్టినవు బిడ్డా. ఒకటి జరిగితే తక్కినయి ఎట్ల జరుగుతయి? అక్షరాలకు స్ట్రింగ్, అంకెలకు ఇంటిజర్, గవి విజువల్ బేసిక్ భాష మనకిచ్చిన టైపులు. గిప్పుడు పేరు, వయసు, ఊరు కలిపి 'పేషెంట్' అని మనమే ఒక టైపు చేసుకోవాలె. అప్పుడు మనిషి జరిగితే అన్నీ ఆయన ఎంబడే జరుగుతయి."

"నాకు సమజైంది సార్. సమజు కానోళ్లకు ఎట్ల చెప్పాలె?"

వెంకట్రాములు ఆమెను కొత్తగా చూశాడు. ఇరవై రెండేళ్లుగా మెదక్ బస్టాండు ఎదుటి మేడమీది ఈ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెబుతున్నాడు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ మధ్య వచ్చేవాళ్లకు సర్టిఫికెట్ చేతికొస్తే చాలు, పాఠం నడుస్తుంటే ఫోన్లు చూసుకుంటారు. నెల కిందట ఇన్‌స్టిట్యూట్ ఓనరు చంద్రకాంత్ ఈ అమ్మాయిని తీసుకొచ్చి, "మా చుట్టాల పిల్ల సార్, జర దగ్గరుండి నేర్పుండ్రి" అన్నప్పుడు, ఈమె కూడా అంతేలే అనుకున్నాడు.

"ఏడుపాయల జాతరకు పోతరు గద. బియ్యం, బెల్లం, చీరె తలా ఒకటి పట్టుకుంటే మందిల ఏది ఎటు పోతదో! మూట గడితే? మూట ఏడికి పోతే అన్నీ ఆడికే. గట్ల చెప్పు."

సుమన పొల్లుపోకుండా రాసుకుంది. ఆయన ఎక్కడ ఆగి ప్రశ్న వేస్తాడో అది కూడా రాసుకుంది. ఇంటికి వెళ్లాక ఆయన భార్య శివమ్మతో చెప్పుకున్నాడు. "ఇన్నేండ్లకు ఒక్క స్టూడెంటు దొరికింది నాకు."

రోజూ క్లాసు అయిపోయాక ఇంకో గంట ఆమె కోసం ఉండిపోయేవాడు. ఆమె బోర్డు మీద రాసి తిరిగి ఆయనకే పాఠం చెప్పేది. తప్పు చెబితే ఆయన దిద్దేవాడు.

శనివారం నాడు ప్రోగ్రాం తప్పు లేకుండా నడిచింది. పేరుతో పాటే వయసు, ఊరు జరిగాయి. వెంకట్రాములు బీరువా తీసి, తాను చేత్తో రాసుకున్న నోట్సు పుస్తకాలు మూడూ ఆమె చేతుల్లో పెట్టాడు.

"వద్దు సార్. ఇవి మీయి."

"నా దగ్గరుండి ఏం చేస్తయి? పట్టుకపో. రేపు నువ్వు ఇంకొకరికి చెప్తవు."

సుమన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. వంగి కాళ్లకు దండం పెట్టి, ఆయన ముఖంలోకి చూడకుండా గబగబా మెట్లు దిగిపోయింది.

ఆయన కిందికి వచ్చేసరికి చంద్రకాంత్ ఆఫీసు గది ముందు నిలబడి ఉన్నాడు.

"సుమనకు మొత్తం వచ్చిందా సార్?"

"వచ్చుడేంది? నాకంటే మంచిగ చెప్తది ఇప్పుడు!" అన్నాడు వెంకట్రాములు, కన్నబిడ్డ గురించి చెప్పినంత గర్వంగా.

చంద్రకాంత్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"అయితే సోమవారం నుంచి మీరు రాకుండ్రి సార్."