డాక్ బాబు

"పోస్ట్... డాక్టొరల్... రీసెర్చ్," అన్నాడు సూర్యం అద్దంలోకి చూస్తూ. గడ్డం మీద సబ్బు నురగ ఆరిపోతోంది.

"మళ్ళీ మొదలెట్టీసినారా?" అంది వంటింట్లోంచి కనకమహాలక్ష్మి. "వింటూ వింటూ నాకు కూడా వచ్చీసింది ఆ మాట."

"నవ్వుకో. సాయంత్రం ఆంధ్ర సమాజంలో తప్పు చెప్పేనంటే మళ్ళీ తల ఎత్తుకోలేం."

సూర్యం లోకో షెడ్డులో ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఎంత పెద్ద ఆఫీసరు ముందైనా నోరు తడబడింది లేదు. పరువంతా ఆ ఒక్క మాట దగ్గరే పోయింది. కిందటేడు ఆంధ్ర సమాజంలో ఎవరో మీ అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే, గర్వంగా "పోస్ట్ డాక్" అన్నాడు. అప్పటికి అతనికి నోరు తిరిగింది అంతే. బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి డాక్ అంటే హిందీలో ఉత్తరాలు, టపా.

"అచ్ఛా, ఏ పోస్టాఫీసు?" అని అడిగారు.

తెల్లమొహం వేసి, "పెద్దదే," అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుల మధ్య కూతురు జ్యోతిర్మయి తల దించుకుని చెప్పులు వెతుక్కోవడం అతని కళ్ళ ముందు నుంచి పోలేదు. అంత చదివిన పిల్లని తన చేతకానితనంతో నలుగురిలో నవ్వులపాలు చేశానని ఇప్పటికీ కుమిలిపోతాడు. ఆ రోజు నుంచి అతని పేరు డాక్ బాబు అయిపోయింది. పెట్టినవాడు సన్యాసిరావు. వరసకి బావ కనక వేళాకోళం అతని హక్కు.

అందుకే ఈసారి సూర్యం అంతా నేర్చుకున్నాడు. వానలు సరిగా పడని మెట్టనేలల్లో మొక్కలు ఎలా బతుకుతాయన్నది కూతురి పరిశోధన. మస్తూరీ వైపు ఎర్ర గులకరాళ్ళ నేలలో ఆమె మొక్కలున్నాయి. ఇంటి డాబా మీద కుండీల్లోనూ కొన్ని ఉన్నాయి. ముడుచుకుపోయి చచ్చినట్టే పడి ఉంటాయి, నీళ్ళు పోస్తే విచ్చుకుంటాయి. ప్రాజెక్టుకి సెలవులని ఎండాకాలమంతా ఇంట్లోనే ఉన్న జ్యోతిర్మయి, ఇప్పుడు మళ్ళీ రోజూ పొద్దున్నే టంచనుగా మస్తూరీ బస్సెక్కుతోంది.

"అది డాబా ఎక్కడమే మానీసింది," అంది కనకమహాలక్ష్మి. "కుండీలు ఎండిపోతన్నాయి. నీళ్ళు పొయ్యమంటారేటి?"

"ముట్టుకోకు. ఎండబెట్టడమే రీసెర్చ్."

"మరి వేళ్ళకి ఆ ఊదా సిరా ఏటి? ఎంత తోమినా పోదు."

"మొక్కలకి గుర్తులు పెట్టుకోవాల కదేటి. మట్టి పని అయిపోయినట్టుంది. చెప్పులు చూడు, ఎంత శుభ్రంగా ఉంటన్నాయో."

జ్యోతిర్మయి గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నాన్నా, ఈ రోజు వెళ్ళకపోతే ఏం? తబియత్ బాగోలేదు."

"నీకు శాలువా కప్పుతారట తల్లీ. నా మూలాన పోయిన పరువు నేనే తేవాల."

ఆమె ఏదో అనబోయింది. తండ్రి మళ్ళీ అద్దం వైపు తిరిగి "పోస్ట్... డాక్టొరల్..." అనడం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం హాలు మెట్ల దగ్గరే సన్యాసిరావు ఎదురయ్యాడు.

"బావా, మొన్న పనుండి మస్తూరీ ఎల్లేను. పోస్టాఫీసులో మన జ్యోతిని సూసేను. నాకు సెప్పలేదేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు పాత నవ్వే మళ్ళీ నవ్వారు. సూర్యం మొహం మాడిపోయింది. గబగబా లోపలికి నడిచాడు.

జ్యోతిర్మయికి శాలువా కప్పాక తండ్రిని రెండు మాటలు మాట్లాడమన్నారు. సూర్యం మైకు పట్టుకున్నాడు.

"మా అమ్మాయి పోస్ట్ డాక్టొరల్ రీసెర్చ్ చేస్తంది. మెట్టనేలల్లో మొక్కల మీద."

ఎక్కడా తడబడలేదు. చప్పట్లు మోగాయి. అక్కడితో దిగిపోతే బాగుండేది, కానీ ఏడాదిగా దాచుకున్న సిగ్గు గొంతు దాకా వచ్చేసింది.

"ఇంకా నా గుంటని పోస్టాఫీసులో కూకోబెట్టే పెద్దమనిషి ఇక్కడే ఉన్నాడు. సన్యాసీ, నన్ను ఎన్నైనా అను, పడతాను. దాన్ని అంటే పడను. అందరి ముందూ తప్పు ఒప్పుకో."

 సన్యాసిరావు లేచి, "అది కాదు బావా..." అంటూ ముందు వరసలోకి చూశాడు. జ్యోతిర్మయి శాలువా కింద చేతులు దాచుకుని, తల వంచుకుని కూర్చుంది. ఆమెనే కాసేపు చూసి అతను గొంతు సవరించుకున్నాడు.

"తప్పైపోనాది బావా. ఏదో వేళాకోళానికి అనీసేను. తల్లీ, నువ్వు కూడా ఏటీ అనుకోకు."

భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగుతుంటే ఎవరూ పలకరించలేదు.

కనకమహాలక్ష్మి పక్కింటివాళ్ళతో ఆటో ఎక్కింది. కూతుర్ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఉస్లాపూర్‌లో ఇంటికి వస్తుంటే, ఎన్నాళ్ళకో సూర్యానికి మనసు తేలికపడింది.

"సరిగ్గా అన్నానా తల్లీ?"

"సరిగ్గానే అన్నావు నాన్నా."

గొంతు అదోలా ఉంటే సంతోషమనుకున్నాడు. ఇంటి ముందు స్కూటర్ ఆపి స్టాండ్ వేశాడు.

"మీ మావయ్య మొహం చూసేవా? ఎలా మాడిపోయిందో. ఇంక ఈ జన్మలో మనతో వేళాకోళం ఆడడు."

జ్యోతిర్మయి శాలువా తీసి మడత పెట్టింది. ఆ మడత మీద తన వేళ్ళకున్న ఊదా మరకలు చూసుకుంది.

"నాన్నా, మావయ్య వేళాకోళం ఆడలేదు."